అడవి కొట్టింది ఒకరు, పట్టా మరొకరిది

ఆస్ట్రేలియా ఈశాన్య మూలన కెయిర్న్స్ రేవు నుంచి కొండ ఎక్కితే ఆథర్టన్ పీఠభూమి వస్తుంది. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిన ఎర్రనేల, మంచి వానలు. మొక్కజొన్న, బంగాళాదుంప, వేరుశనగ పండుతాయి, పాడి ఉంది. ఈ నేల గురించి చాలాకాలం చెప్పుకున్న కథ చిన్నదే. కలప కొట్టేవాళ్ళు వచ్చి విలువైన రెడ్ సీడర్ కలప చెట్లు పట్టుకుపోయారు, తర్వాత తెల్ల రైతులు వచ్చి అడవిని పొలం చేశారు. ఆథర్టన్ ఊరి అంచున రేకులతో, అక్కడి కలపతోనే 1903లో కట్టిన ఒక చైనా గుడి మాత్రం ఈ కథకు ఒప్పుకోదు. హౌ వాంగ్ అనే దేవుడి గుడి అది. ఒకప్పుడు దాని చుట్టూ దుకాణాలు, ఇళ్ళు, వంటశాలలతో ఒక పేట ఉండేది. ఇప్పుడు గుడి ఒక్కటే మిగిలింది. ఆ పేటకు సరుకులకు, ఉత్తరాలకు, పండగలకు వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది చైనా రైతులు. పీఠభూమి తొలినాళ్ళ పంటలో 80 శాతం వరకు వాళ్ళ చేతులమీదుగానే వచ్చిందని ఒక అంచనా.

ఇంత పని చేసినవాళ్ళు కథలోంచి ఎలా జారిపోయారు? జాతి విద్వేషం అనే జవాబు నిజమే కానీ, దానితో విషయం పూర్తికాదు. భూమి చట్టాలు ఎలా పనిచేశాయో కూడా చూడాలి.

ఆథర్టన్ ఉన్న క్వీన్స్‌లాండ్ కాలనీ ప్రభుత్వం అప్పట్లో సెటిలర్లకు, అంటే వచ్చి స్థిరపడే తెల్లవాళ్ళకు, అడవి భూమి కేటాయించేది. ఊరికే ఇచ్చేది కాదు. అక్కడ నివాసం ఉండాలి, చెట్లు కొట్టాలి, కంచె వేయాలి, నేలను బాగుచేసినట్టు చూపించాలి. అప్పుడే పట్టా చేతికొస్తుంది. కానీ ఆథర్టన్ అడవి మామూలు అడవి కాదు. తీగలు చుట్టుకుని, వెలుతురు నేలకు దిగని వర్షారణ్యం. ఒక ఎకరా చదును చేయడానికి కూలీలను పెడితే ఆ ఖర్చుకు సెటిలర్ దివాలా తీయాల్సిందే. ఆ సమస్యకు దొరికిన జవాబే చైనా కౌలుదారు. నామమాత్రపు కౌలుకో, అసలు కౌలే లేకుండానో కొన్నేళ్ళకు భూమి అతనికి ఇస్తారు. అతను అడవి కొట్టి, కాల్చి, పంట వేసుకుంటాడు. గడువు తీరేసరికి సెటిలర్ చేతిలో చదునైన పొలం ఉంటుంది. చట్టం అడిగిన అభివృద్ధి జరిగినట్టు లెక్క. రిజిస్టరులో పేరు మాత్రం సెటిలర్‌దే.

పని పద్ధతి వింటే మన్యంలో పోడు చూసినవాళ్ళకు కొత్తగా అనిపించదు. గొడ్డళ్ళతో, పొదలు నరికే కత్తులతో అడవి కొట్టడం, ఎండ కాలంలో ఎండనివ్వడం, నిప్పు పెట్టడం. పెద్ద మొద్దులు నేలలోనే ఉండిపోతాయి. నాగలి తిరగదు. కాబట్టి మొద్దుల మధ్య బూడిదలో పారతో గుంటలు తీసి మొక్కజొన్న గింజలు వేసేవాళ్ళు. కలుపు తీత, కండెలు విరవడం, గింజ ఒలవడం అంతా చేతి పనే. తేడా ఒకటుంది. పోడు చేసేవాళ్ళు ఆ నేలకు మళ్ళీ తిరిగొస్తారు. చైనా కౌలుదారుకు గడువు తీరాక ఆ నేలతో సంబంధం తెగిపోతుంది. పక్కన మరో అడవి ముక్క దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టాలి. శ్రమలో బరువైన భాగమంతా అతని వాటాకు వచ్చింది, తేలికైన పొలం మరొకరి చేతికి వెళ్ళింది.

ఈ మొక్కజొన్న ఎవరికి? ఎక్కువ భాగం గుర్రాలకు. 1880 నుంచి హెర్బర్టన్‌లో తగరం గనులు నడుస్తున్నాయి. ఖనిజం మోసే బండ్లకు, సరుకులు తెచ్చే గుర్రాలకు దాణా కావాలి. రైలు ఆథర్టన్‌కు చేరింది 1903లో, గుడి కట్టిన ఏడాదే. అంతకుముందు ఆ కొండ మీద రవాణా అంటే గుర్రం, ఎద్దు. అంటే గనుల ప్రాంతం కదలడానికి కావలసిన ఇంధనం ఈ కౌలు పొలాల్లోంచి వచ్చింది. ఇలా కొత్తగా ఆక్రమించిన ప్రాంతాల చరిత్రల్లో బంగారం, తగరం, రైలు గురించి అధ్యాయాలుంటాయి. దాణా గురించి ఒక వాక్యం దొరికితే గొప్ప.

మరి చైనీయులు సొంతంగా భూమి ఎందుకు కొనుక్కోలేదు? కొననివ్వలేదు. పరాయి దేశస్థులకు సొంత భూమి హక్కు లేదు, 21 ఏళ్ళు దాటని కౌలు మాత్రమే. పౌరసత్వం తెచ్చుకుంటే ఆ అడ్డు తొలగుతుంది. కానీ 1867 నాటి క్వీన్స్‌లాండ్ చట్టం ఆసియా, ఆఫ్రికా వాసులకు వేరే షరతు పెట్టింది. పెళ్ళయి ఉండాలి, భార్య కాలనీలోనే ఉండాలి, మూడేళ్ళు నివాసం ఉండాలి. వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ ఒంటరి మగవాళ్ళు, పెళ్ళయినవాళ్ళ భార్యలు ఊళ్ళో అత్తమామల దగ్గర. కాబట్టి ఆ తలుపు తెరిచి ఉన్నట్టే కనిపించి మూసే ఉంది. కాలనీలన్నీ కలిశాక ఏర్పడిన ఫెడరల్ ప్రభుత్వం 1903లో దాన్ని పూర్తిగా మూసేసింది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. సొంత భూమి దక్కదు కాబట్టే ఆ మనిషి సెటిలర్లకు అంతగా అక్కరకొచ్చాడు. ఎంత బాగుచేసినా పొలం అడగలేని కౌలుదారు. రేపు చరిత్ర రాసేవాడు తెరిచేది భూమి రిజిస్టర్లనే కాబట్టి, అదే కారణంతో కనుమరుగయ్యాడు. గోదావరి జిల్లాల్లో కౌలు చేసేవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. పంట తమదే అయినా బ్యాంకు అప్పుకు, నష్టపరిహారానికి పట్టాదారు పేరు దగ్గరే లెక్క ఆగిపోవడం వాళ్ళకు తెలుసు.

ఆథర్టన్ కౌలుదార్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వెనక అరవై ఏళ్ళ కథ ఉంది. బ్రిటన్ నుంచి న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీలను పంపడం 1840లో ఆగింది. కారుచౌకగా దొరికే పనివాళ్ళు ఒక్కసారి కరువయ్యారు. లక్షల గొర్రెలున్న భూస్వాములు ఆసియా వైపు చూశారు. 1848లో నిమ్రాడ్ అనే ఓడ దక్షిణ చైనాలోని అమోయ్ రేవు నుంచి సుమారు 120 మందిని సిడ్నీకి తెచ్చింది. తర్వాతి ఐదేళ్ళలో మొత్తం 3 వేల మంది దాకా వచ్చారు. ఐదేళ్ళ ఒప్పందాలు, గొర్రెల మంద, మనిషి కనిపించని మైదానంలో ఒంటరి గుడిసె. ఆస్ట్రేలియా ఉన్ని ఇంగ్లండ్ మిల్లులకు వెళ్ళిన కథలో వీళ్ళ వాటా మొదటి వాటాల్లో ఒకటి.

తర్వాత బంగారం. 1873లో ఉత్తరాన పామర్ నది దగ్గర బంగారం బయటపడింది. కుక్‌టౌన్ రేవు పుట్టింది. 1877 నాటికి ఆ ప్రాంతంలో చైనీయులు సుమారు 17 వేలు, తెల్లవాళ్ళకంటే ఎన్నో రెట్లు. అందరూ బంగారం తవ్వలేదు. కొందరు నది ఒడ్డున కూరగాయ మళ్ళు వేసుకున్నారు. తాజా ఆకుకూర దొరకని గనుల్లో స్కర్వీ రోగం మనుషులను తినేస్తున్న కాలం అది, ఆ మళ్ళు ప్రాణాలు నిలిపాయి. అదే 1877లో క్వీన్స్‌లాండ్ చైనా నుంచి వచ్చే ప్రతి మనిషి మీద 10 పౌండ్ల తలపన్ను వేసింది. మరుసటి ఏడాది, కొత్తగా దొరికిన బంగారు గనుల్లోకి మొదటి మూడేళ్ళు ఆసియా వాసులు అడుగు పెట్టకూడదని మరో చట్టం. గని తలుపులు మూసుకుపోయాక వాళ్ళు సముద్రతీరం వైపు, నేల వైపు తిరిగారు. ఉత్తర క్వీన్స్‌లాండ్ వ్యవసాయానికి ఆ గనుల చట్టమే అనుకోకుండా మనుషులను అందించింది.

కెయిర్న్స్ ఊరు పుట్టింది 1876లో. ఆ జిల్లాలో మొదటి చెరుకు తోట, మిల్లు పెట్టింది ఏ ఇంగ్లిష్ కంపెనీయో కాదు. ఆండ్రూ లియోన్ అనే వ్యాపారి ముందుండి, వందమంది దాకా చైనీయులు వాటాలు వేసుకుని నడిపిన హాప్ వా తోట అది. 1882లో మిల్లు ఆడింది. పంచదార ధర పడిపోయిన 1886లో మూతపడింది. నిలవలేదు నిజమే. అయితే కెయిర్న్స్ నేలలో చెరుకు వస్తుందని పెట్టుబడి పెట్టి నిరూపించింది వాళ్ళే. ఆ తర్వాత వచ్చిన పెద్ద కంపెనీలు ఆ ప్రయోగం ఖర్చు భరించకుండా ఫలితం అందుకున్నాయి.

చెరుకు పోయినా అరటి నిలిచింది. కెయిర్న్స్ నుంచి దక్షిణాన ఇన్నిస్‌ఫైల్ ఊరి దగ్గరి జాన్‌స్టన్ నది, టల్లీ నది దాకా ఒడ్డు పొలాల్లో చైనా కౌలుదార్లు పిలకలు నాటారు. ఇక్కడా అదే ఏర్పాటు, తెల్ల యజమాని భూమి, వాళ్ళ శ్రమ. పచ్చి గెలలు కోసి చిన్న పడవల్లో నది దిగువకు తెచ్చి, ఆవిరి ఓడల్లో సిడ్నీ, మెల్బోర్న్ పంపేవాళ్ళు. ఈ పంట వెనక ఒక బలమైన అల్లిక ఉంది. తోట చేసేవాళ్ళలో ఎక్కువమంది కాంటన్ దగ్గరి ఝాంగ్‌షాన్ ప్రాంతం వాళ్ళు. ఊరివాడే షావుకారు. అతనే బియ్యం, పనిముట్లు అప్పు మీద ఇస్తాడు. అతనే గెలలు కొంటాడు. సిడ్నీలో దింపుకునేదీ ఊరి బంధువులే. ఈ ఏర్పాటులో దోపిడీ లేదనలేం, అప్పు తీరక ముసలితనం దాకా తోటలోనే మిగిలిపోయినవాళ్ళున్నారు. కానీ బ్యాంకు గడప తొక్కనివ్వని దేశంలో పెట్టుబడి పుట్టించిన దారి అదొక్కటే.

ఆ పెట్టుబడి ఎంత దూరం పోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సిడ్నీ అరటి వ్యాపారంలో వింగ్ సాంగ్, వింగ్ ఆన్ అనే రెండు చైనా దుకాణాలు పెద్దవి. వింగ్ సాంగ్‌లో భాగస్వామి అయిన మా యింగ్ పియు 1900లో హాంకాంగ్‌లో సిన్సియర్ డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. వింగ్ ఆన్ పెట్టిన క్వాక్ సోదరులు 1907లో హాంకాంగ్‌లో, 1918లో షాంఘైలో తమ స్టోర్లు తెరిచారు. షాంఘై నాన్‌జింగ్ రోడ్డులో ఎదురెదురుగా వెలిగిన సిన్సియర్, వింగ్ ఆన్ భవనాలు ఆధునిక చైనా వాణిజ్యానికి గుర్తులు. వాటి మొదటి మదుపులో ఉత్తర క్వీన్స్‌లాండ్ అరటి గెలలు, తర్వాత ఫిజీ అరటి గెలలు ఉన్నాయి. చైనీయులు ఆస్ట్రేలియా డబ్బు పట్టుకుపోతున్నారని అప్పటి పత్రికలు గోల చేశాయి. నిలదొక్కుకోనివ్వని చోట నుంచి డబ్బు బయటికి పోక ఏం చేస్తుంది?

దక్షిణాన మరో పని జరిగింది, దాని గురించి ఇంకా తక్కువ చెప్పుకుంటారు. న్యూ సౌత్ వేల్స్‌లోని రివరీనా మైదానంలో 1880ల్లో చైనా ముఠా పనివాళ్ళు చెట్ల మొదళ్ళ చుట్టూ బెరడు చెక్కి చంపి, గడ్డి మైదానాలకూ గోధుమ పొలాలకూ చోటు చేశారు. నర్రాండెరా, హే, వాగా ఊళ్ళ పక్కన వాళ్ళ క్యాంపులుండేవి. ప్రభుత్వం 1883లో ఆ క్యాంపుల మీద విచారణకు ఒక పోలీసు అధికారిని, సిడ్నీలో పేరున్న చైనా టీ వ్యాపారి క్వాంగ్ టార్ట్‌ను పంపింది. విచారణ దృష్టి నల్లమందు, జూదం మీదే ఎక్కువ. క్యాంపుల చుట్టూ వాళ్ళు బాగుచేసిన భూమి విస్తీర్ణం మీద అలాంటి శ్రద్ధ ఎవరూ పెట్టలేదు.

అందరికీ తెలిసిన రూపం కూరగాయ తోటమాలి. ప్రతి పట్నం శివార్లలో, పెద్ద గొర్రెల క్షేత్రాల్లో కూడా ఒక చైనా తోట ఉండేది. ఫొటోల్లో అతని భుజం మీద కనిపించేది మనకు బాగా తెలిసిన వస్తువే, కావడి. రెండు వైపులా నీళ్ళ డబ్బాలు, వాటికి జల్లెడలా చిల్లులున్న మూతులు. మళ్ళ మధ్య నడుస్తూ రెండు వరసలు ఒకేసారి తడిపేవాడు. ఎత్తుగా కట్టిన బోదెలు, గెత్తం, వాగు నీటికి చిన్న అడ్డుకట్టలు. వాన నమ్ముకోలేని దేశంలో ఏడాది పొడవునా కూర పండించడానికి కావలసిన తెలివి కాంటన్ ప్రాంతంలోని పెర్ల్ నది డెల్టా నుంచి వచ్చింది. 1901లో దేశంలో సుమారు 30 వేల మంది చైనీయులుంటే, అందులో దాదాపు మూడో వంతు తోట పనిలో ఉన్నారు. వాళ్ళ తోటలు మురికివని రాసిన పత్రికల పాఠకులే పొద్దున్నే వాళ్ళ బండి దగ్గర క్యాబేజీ కొన్నారు.

ఈ కథను చైనీయుల ఘనతగా మాత్రమే చెప్పి ఆపేస్తే అదీ అబద్ధమే అవుతుంది. వాళ్ళు కొట్టిన అడవి ఎవరిదీ కాని అడవి కాదు. యిడింజి, జిర్బల్ లాంటి ఆదివాసీ జనాలది. తుపాకులతో వాళ్ళను తరిమిన తర్వాతే అది సెటిలర్ రిజిస్టర్లలోకి ఎక్కింది, కౌలుకు వచ్చింది. తిండి వనరు పోగొట్టుకున్న ఆదివాసులు అరటి తోటల్లో, మొక్కజొన్న పొలాల్లో చైనా కౌలుదార్ల దగ్గర కూలికి చేరారు. కొన్ని చోట్ల కూలి నల్లమందు రూపంలో ముట్టింది. కొన్ని చోట్ల కుటుంబాలు కలిశాయి, ఆ వారసులు ఈనాటికీ ఆ ప్రాంతంలో ఉన్నారు. 1897లో ఆదివాసుల ‘రక్షణ’ పేరుతో క్వీన్స్‌లాండ్ చేసిన చట్టం శీర్షికలోనే నల్లమందు అమ్మకం నిషేధం ఉంది. ఆదివాసిని పనిలో పెట్టుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. నల్లమందు పీడ నిజమైనదే. కానీ ఆ చట్టం ఆదివాసులను రిజర్వులకు తరలించే అధికారం కూడా ఇచ్చింది, చైనా పొలాలకు కూలీలూ తగ్గారు. భూమి పోగొట్టుకున్నవాళ్ళు, భూమి దక్కనివాళ్ళు ఒకే పొలంలో పనిచేశారు. ఇద్దరి బంధాన్నీ నియంత్రించింది భూమి దక్కినవాళ్ళు.

1901లో కాలనీలన్నీ కలిసి ఒకే దేశమయ్యాక ఉచ్చు బిగిసింది. ఆ ఏడాదే వలస నియంత్రణ చట్టం వచ్చింది. అధికారి తలుచుకుంటే ఏ యూరప్ భాషలోనైనా 50 మాటలు చెప్పి రాయమంటాడు, రాయలేకపోతే ప్రవేశం లేదు. తెల్ల కూలీలతో పండించిన చెరుకుకు ప్రభుత్వ ప్రోత్సాహకం మొదలైంది. 1912లో క్వీన్స్‌లాండ్ మరో మెట్టు దిగింది. ఆ రాత పరీక్ష పాస్ కాని పరాయి దేశస్థుడు 5 ఎకరాలు మించి కౌలు చేయకూడదు. 1913లో చెరుకు సాగుకు అదే పరీక్ష. 1921లో అరటికి. అప్పటికే ఫిజీ అరటి పోటీతో, 1918 మార్చిలో ఇన్నిస్‌ఫైల్‌ను నేలమట్టం చేసిన తుఫానుతో అరటి తోటలు కుదేలయ్యాయి. చట్టం చివరి దెబ్బ మాత్రమే.

ఆథర్టన్‌లో ముగింపు ఇంకా సూటిగా జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు భూమి ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. చైనీయుల కౌళ్ళు రద్దయ్యాయి. మొద్దులు కుళ్ళి, వేళ్ళు వదిలి, నాగలికి సిద్ధమైన పొలాలు సైనికుల పేర ఎక్కాయి. వాళ్ళలో చాలామందికి సేద్యం తెలియక, అప్పుల భారం మోయలేక కొన్నేళ్ళకే వదిలేసి వెళ్ళారు. వాళ్ళ మీద కోపం అక్కర్లేదు, యుద్ధం నలిపేసిన మనుషులు వాళ్ళు. కానీ సైనికుల పునరావాస పథకం గురించి రాసినప్పుడు ఆ పొలాలు ఎవరి చేతుల్లోంచి వచ్చాయో రాయకపోవడం మాత్రం క్షమించదగింది కాదు. గుడి చుట్టూ ఉన్న పేట ఖాళీ అయింది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. పాత కాగితాల్లో అహ్ సామ్, అహ్ కీ, అహ్ చీ లాంటి పేర్లు వందలకొద్దీ కనిపిస్తాయి. ‘అహ్’ అనేది పేరే కాదు, కాంటన్ భాషలో చనువుగా పిలిచేటప్పుడు ముందు చేర్చే మాట. గుమాస్తా చెవికి వినపడింది రాసుకున్నాడు. ఇంటిపేరు పోయింది, ఊరు పోయింది. ఒకే పేరుతో నలుగురుంటే ఎవరు ఎవరో తేల్చలేం. అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి తెలుగువాళ్ళు వేసవిలో కొనే బింగ్ చెర్రీ పేరు ఒరెగన్ తోటలో పనిచేసిన అహ్ బింగ్ అనే మేస్త్రీది. 1889లో కుటుంబాన్ని చూడటానికి చైనా వెళ్ళిన అతన్ని చైనీయుల నిషేధ చట్టం మళ్ళీ అమెరికాలోకి రానివ్వలేదు.

ఇదే కాలంలో మద్రాసు రేవు నుంచి ఫిజీ, నాటల్ చెరుకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీలకు వలస పాసులుండేవి. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు అన్నీ వాటిలో రాసేవాళ్ళు. అది బానిసత్వానికి దగ్గరి ఒప్పందపు కాగితమే అయినా, వారసులు ఇప్పుడు దాన్ని పట్టుకుని విశాఖ, విజయనగరం పల్లెల్లో తాత ఊరు వెతుక్కుంటున్నారు. ఓడ ఛార్జీ అప్పుగా తీసుకుని సొంతంగా వచ్చిన చైనీయులకు అలాంటి పాసు లేదు.

వాళ్ళకు మిగిలింది మరో రకం కాగితం. 1901 చట్టం తర్వాత చైనా వెళ్ళి తిరిగి రావాలంటే, రాత పరీక్ష నుంచి మినహాయింపు సర్టిఫికెట్ తీసుకోవాలి. దాని మీద ఎదురుగా ఒకటి, పక్కకు తిరిగి ఒకటి ఫొటోలు, వెనక అరచేతి ముద్ర. దరఖాస్తుతో పాటు, ఈ మనిషి ఫలానా చోట ఇన్నేళ్ళుగా తోట చేస్తున్నాడు, మంచివాడు అని ఊళ్ళోని తెల్లవాళ్ళు రాసిచ్చిన లేఖలు. అలాంటివి వేలకొద్దీ ఆస్ట్రేలియా జాతీయ భాండాగారంలో ఉన్నాయి. రిజిస్టర్లలో లేని తోటలు ఆ లేఖల్లో దొరుకుతున్నాయి, ఏ వాగు పక్కన, ఎవరి భూమిలో, ఎన్నేళ్ళు అనే వివరాలతో. తిరిగొచ్చిన రోజు రేవులో అధికారి ఆ మనిషి చేతిని మళ్ళీ సిరాలో అద్ది, పాత ముద్ర పక్కన పెట్టి గీతలు సరిచూసుకునేవాడు.